చక్రం ఆపిన మామయ్యగారు

లోకంలో చక్రం తిప్పేవాళ్ళకి కొదవలేదు. ఆఫీసుల్లో తిప్పేవాళ్ళు, ఇళ్ళల్లో తిప్పేవాళ్ళు, ఏ పదవీ లేకుండా తెర వెనక కూర్చుని తిప్పేవాళ్ళు ఎక్కడ చూసినా కనిపిస్తారు. ఈ మామగారు మాత్రం చక్రం ఆపే మనిషి. ఆ చక్రం కరెంటు మీటరులోది. ఈ కాలం పిల్లలు చూసి ఉండరు గానీ, అప్పట్లో ప్రతి మీటరులోనూ గాజు వెనక ఓ పలచని రేకు చక్రం అడ్డంగా తిరుగుతూ ఉండేది. దాని అంచుమీద ఓ ఎర్ర గీత. ఇంట్లో ఎన్ని వస్తువులు నడుస్తుంటే ఆ గీత అంత తొందరగా చుట్టి వచ్చేది. అది పరుగెత్తుతుంటే మామగారికి కాలూ చెయ్యీ ఆడేది కాదు. నెమ్మదిస్తే ప్రాణం లేచొచ్చేది.

ఆయన కరెంటాఫీసులో ముప్పై రెండేళ్ళు మీటరు రీడరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇల్లిల్లూ తిరిగి, మీటరు చూసి, అంకె రాసుకుని, బిల్లు చేతిలో పెట్టడం ఉద్యోగం. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. మనుషుల పేర్లు ఒక్కటీ గుర్తుండేవి కావు. గుర్తుండేవి యూనిట్లు. దారిలో ఎవరైనా నమస్కారం పెడితే కళ్ళజోడు సవరించుకుని, "నువ్వు ఆ నూటపది యూనిట్ల వాళ్ళ అబ్బాయివి కదూ? ఎంత పొడుగయ్యావయ్యా" అనేవారు. నూటపది వాళ్ళ అబ్బాయి తల గోక్కునేవాడు.

కోడలికి ఆయన మొదటి పరిచయమే మీటరు దగ్గర. సంబంధం మాట్లాడటానికి రెండు కుటుంబాలూ ఆమె పుట్టింట్లో ముందుగదిలో కూర్చున్నాయి. అందరూ అన్నీ మాట్లాడుకుంటున్నారు, పెళ్ళికొడుకు తండ్రి మాత్రం కుర్చీలో లేరు. ఆమె తండ్రి వెతుక్కుంటూ వెళ్తే మెట్ల కింద వంగి కనిపించారు.

"ఏం కావాలండీ? స్నానాలగది అటువైపు."

"స్నానాలగది కాదండీ. మీకు నెలకెంత కాలుతుంది?"

"ఏమోనండీ. బిల్లు సంగతి మా ఆవిడ చూసుకుంటుంది."

"అరవై రెండు దాటదు. నలుగురు మనుషులకి అరవై రెండు." ఆయన నడుం నిఠారుగా చేసి నిలబడి వియ్యంకుడి చెయ్యి పట్టుకున్నారు. "ఇంకేం మాట్లాడక్కర్లేదు బావగారూ. మాకు మీ అమ్మాయి నచ్చింది."

అప్పటికింకా ఆ అమ్మాయి గదిలోంచి బయటికే రాలేదు. మీటరు చూసి కోడల్ని చేసుకున్న మామగారు లోకంలో నాకొక్కదానికే ఉండుంటారని ఆమె ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. అప్పుడు మాత్రం అంత నవ్వు రాలేదు.

కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఓ మధ్యాహ్నం పక్కగదిలో మంచం మీద ఎవరో మందంగా దుప్పటి కప్పుకుని ముడుచుకు పడుకున్నట్టు కనిపించింది. అత్తగారు ఆమె రాకముందే పోయారు. ఇంట్లో ఉన్నది భర్తా మామగారూ మాత్రమే. భర్త ఆఫీసుకు వెళ్ళాడు, అయితే ఆ పడుకున్నది మామగారే. ఆమె కంగారుగా వెళ్ళి దుప్పటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

"మామయ్యగారూ, ఒంట్లో బాగోలేదా?"

"నాకు బాగానే ఉందమ్మాయ్" అని వెనకనుంచి జవాబు వచ్చింది. ఆయన చేతిలో కత్తెరతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. "కదిలించకు. చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి."

పొయ్యి మీద ఓ పొంగు రాగానే కట్టేసి, గిన్నెను దుప్పట్లో చుట్టిపెడితే మిగతాది దాని వేడికదే ఉడుకుతుందట. గంట గ్యాసు పది నిమిషాలకు దిగుతుందట. నిజంగానే గింజలు వెన్నలా ఉడికాయి. కానీ ఆ రాత్రి ఆమె కప్పుకున్న దుప్పటి తాలింపు వాసన కొట్టింది.

ఆ ఇంట్లో నీళ్ళకి కూడా తీరిక ఉండేది కాదు. కూరగాయలు కడిగిన నీళ్ళు నేల తుడవడానికి వెళ్ళేవి, బట్టల చివరి జాడింపు నీళ్ళు స్నానాలగదిలో బకెట్టులో కాచుకుని కూర్చునేవి. ఫ్లష్ ట్యాంకులో ఇసక నింపిన సీసా ఒకటి మునిగి ఉండేది, అది ఉన్నంత మేరా నీళ్ళు మిగిలినట్టే. డాబా మీద నల్లరంగు పూసిన రేకుడబ్బా రోజంతా ఎండకు కూర్చుని సాయంత్రానికి స్నానాలకు వేణ్ణీళ్ళు ఇచ్చేది. చిరిగిన చొక్కాలు సంచులయ్యేవి, చిరిగిన సంచులు గుడ్డపీలికలయ్యేవి, ఆ పీలికలు వేసవిలో తలుపు సందుల్లో దూరి వేడిగాలిని ఆపేవి. కూర తొక్కలు కుండీల్లో మట్టిలో కలిసేవి. ఏదైనా పారేయబోతే మామగారి గొంతు వినిపించేది.

"బొగ్గు ఎక్కడో కాలితే గానీ మన బల్బు వెలగదమ్మాయ్. ఇక్కడ స్విచ్చి ఆపితే అక్కడ చిటికెడు పొగ తగ్గుతుంది. మన చేతిలో రూపాయి మిగులుతుంది. రెండూ మంచివేగా?"

"చిటికెడు పొగ కోసం చీకట్లో కాళ్ళు విరగ్గొట్టుకోమంటారా మామయ్యగారూ?"

"చీకట్లో నడవమన్నానా? పనులు పగలు చేసుకోమన్నాను."

భర్తకి ఇవన్నీ పుట్టుకతో అలవాటు. స్పేర్ పార్టుల కంపెనీలో పని, నెలలో సగం రోజులు ఊళ్ళు తిరగడమే. ఆమె చెప్పుకుని వాపోతే, "నా చదువంతా నాన్న ఆర్పేసిన బల్బుల వెలుగులోనే అయింది" అనేవాడు. ఆ మాటకి అర్థం ఆమెకి వెంటనే తట్టలేదు. అలా మిగిలిన రూపాయలే ఫీజులయ్యాయని తట్టాక, ఆ ఒక్క విషయంలో మామగారిని ఏమీ అనలేకపోయింది.

ఇంట్లో గోలంటే ఇంట్లోనే పోతుంది. అసలు గొడవ మెట్ల కింద. వాళ్ళుండే మేడలో ఎనిమిది వాటాలు. ఎనిమిది వాటాల మీటర్లూ కింద మెట్లకు ఆనుకుని ఉన్న చిన్న గదిలో వరసగా ఉండేవి. రోజూ పొద్దున్నే మామగారు ఓ అద్దం ముక్క పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళేవారు. వీధి గుమ్మంలోంచి వచ్చే ఎండను అద్దంతో లోపలికి మళ్ళించి ఒక్కొక్క మీటరు మీదా వేసి చూసేవారు. టార్చి వాడితే బ్యాటరీ దండగ. చూసింది కాగితం మీద రాసుకునేవారు కూడా కాదు. ఎనిమిది అంకెలూ నాలుక చివరే ఉండేవి. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా లేదు. కానీ మెట్ల దగ్గర నిలబడి మేడంతా వినిపించేలా చదివి వినిపించేవారు.

"రెండో అంతస్తు ఎడమవైపు, ఇస్త్రీపెట్టె పెట్టి గంటయింది. ఒక్క చొక్కాకి ఎంతసేపండీ?"

"మీకెందుకండీ?" అని పైనుంచి ఓ గొంతు వచ్చేది.

"నాకేం లేదు. చొక్కా మాడుతుందేమోనని."

ఎనిమిది వాటాల్లోనూ ఆయన మాట వినేది ఒక్క టైలరమ్మే. మొదటి అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ. బట్టలు కుట్టడం పని, చెప్పిన రోజుకి ఇవ్వకపోవడం అలవాటు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఆవిడ వినే తీరు చూస్తే చెప్పేవాడే హడలిపోవాలి. మామగారు ఒకటి చెబితే ఆవిడ రెండు చేసేది. ఫ్యాను తగ్గించమంటే విప్పించి అటక మీద పెట్టించింది. కుట్టుమిషనుకున్న మోటారు పీకేసి మళ్ళీ కాళ్ళతో తొక్కడం మొదలుపెట్టింది. నెలకి ముప్పై ఎనిమిది యూనిట్ల మనిషి ఏడాదిలో తొమ్మిదికి దిగిపోయింది.

"ఈ మేడ మొత్తానికి బుద్ధిమంతులు మీరొక్కరే" అనేవారు మామగారు.

"ఇంకేమైనా ఉందా బాబూ తగ్గించడానికి?" అని ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకునే అడిగేది.

అటు టైలరమ్మ ఎంత పొదుపో, ఇటు సెక్రటరీగారు అంత దుబారా. ఈయన మూడో అంతస్తు. మందుల షాపు ఉంది. మేడ వాటాలవాళ్ళ సంఘానికి సెక్రటరీ. నెలకి రెండొందల నలభై యూనిట్లు. ఆయన మీటరు చక్రం గానుగెద్దుకి కొరడా తగిలినట్టు తిరుగుతుందని మామగారు బెంగపడేవారు. ఓసారి పొద్దున్నే వెళ్ళి వాళ్ళ తలుపు తట్టారు.

"రాత్రంతా లైటెందుకు వెలిగించారు?"

సెక్రటరీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా వాళ్ళమ్మకి జ్వరం, కునుకు లేదు. పుండు మీద కారం చల్లినట్టయింది.

"మా ఇల్లు, మా లైటు, మా డబ్బు. మీరెవరండీ అడగడానికి?"

మామగారు అద్దం ముక్క జేబులో పెట్టుకుని దిగొచ్చేశారు. మర్నాడు ఓ సంచీలో నిమ్మకాయలు వాళ్ళ గుమ్మానికి తగిలించి వచ్చారు గానీ, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియలేదు.

కోడలు స్కూల్లో టీచరు. ఓ ఆదివారం వాళ్ళ హెడ్మిస్ట్రెస్ మొదటిసారి ఇంటికి టీకి వచ్చింది. కోడలు రెండు రోజులు ముందునుంచే ఇల్లు సర్ది, కప్పులు తోమి, మామగారికి మరీ మరీ చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపారు. హెడ్మిస్ట్రెస్ కూర్చుని పమిటచెంగుతో నుదురు తుడుచుకుంటుంటే ఫ్యాను ఆగిపోయింది. చూస్తే స్విచ్చి దగ్గర మామగారు నవ్వుతూ నిలబడి ఉన్నారు.

"బయట గాలి ఊరికే వస్తోందండీ. వరండాలోకి వెళ్దాం రండి."

హెడ్మిస్ట్రెస్ కప్పు చేత్తో పట్టుకునే లేచింది. కుర్చీలు కదిలాయి, బల్ల కదిలింది, టీ ఒలికింది. ఒలికిన టీని ఆయన గుడ్డతో తుడిచి ఆ గుడ్డని కుండీలో పిండారు.

"మొక్కలకి మంచిది. ఇంతకీ మీది ఎన్ని యూనిట్లండీ?"

"ఏమన్నారు?"

"నెలకి."

కోడలికి తల కొట్టేసినట్టయింది. హెడ్మిస్ట్రెస్ వెళ్ళాక గదిలోకి వెళ్ళి ఏడ్చింది. సరిగ్గా ఆ సాయంత్రమే సెక్రటరీ ఓ కాగితం పట్టుకొచ్చాడు. మీటరు గదికి తాళం వేయాలని, బిల్లు రాసే మనిషి వచ్చినప్పుడు తప్ప ఎవరూ వెళ్ళకూడదని అందులో ఉంది.

"మీ వాటా సంతకం కూడా ఉంటే ఆయన్నొక్కర్నే వేరుచేసినట్టుండదమ్మా. మీవారు ఊళ్ళో లేరు కదా, మీరు పెట్టండి."

కళ్ళు తుడుచుకున్న తడి చేత్తోనే ఆమె సంతకం పెట్టేసింది. మిగతా వాటాల సంతకాలు పోగయ్యేసరికి వారం పట్టింది. టైలరమ్మ ఒక్కతే పెట్టనంది. మరుసటి ఆదివారం మీటరు గదికి తాళం పడింది, తలుపు మీద ఆ కాగితం అంటించారు.

మామగారు పొద్దున్నే అద్దంతో దిగి, తాళం చూసి, కాగితం ఆసాంతం చదివారు. పైకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కోడలు వంటింట్లో తేలు కుట్టిన దొంగలా నిలబడింది. తన సంతకం చూశారా, చూడలేదా?

"అందరి చేతిరాతా బావుంది" అన్నారాయన. అంతే, ఇంకేం అనలేదు.

ఆ మాటలో ఏముందో ఆమెకి తెలియలేదు. ఆయన అరిచినా బాగుండునని ఆమెకి అనిపించింది. ఆ రోజు ఇంట్లో రెండు గదుల్లో ఫ్యాన్లు ఊరికే తిరుగుతున్నా ఆయన లేచి ఆపలేదు. చివరికి కోడలే వెళ్ళి ఆపి వచ్చింది.

సోమవారం నాడు ఆయన మళ్ళీ కిందికి దిగారు. మీటరు గది తలుపు చెక్కల మధ్య వేలెడు సందుంది. దాని ముందు ముక్కాలిపీట వేసుకుని, అద్దంతో ఎండని లోపలికి పంపి, ఓ కన్ను మూసి చూడటం మొదలుపెట్టారు. ఎంత తల వంచి చూసినా ఎనిమిది మీటర్లలో ఒక్కటే కనిపించింది, టైలరమ్మది. స్కూలుకు వెళ్తూ కోడలు ఆ దృశ్యం చూసింది. డెబ్భై ఏళ్ళ మనిషి తలుపు సందుకి కన్ను ఆనించి కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళు ముసిముసిగా నవ్వుతున్నారు. ఆమె గబగబా వీధిలోకి నడిచేసింది. దారి పొడవునా ఆ సంతకమే కళ్ళ ముందు కనిపించింది.

బుధవారం స్కూలుకి సెలవు. పదిగంటలకి మామగారు మెట్లు రెండేసి ఎక్కి పైకి వచ్చారు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"అమ్మాయ్, టైలరమ్మ చక్రం తిరగట్లేదు."

"మంచిదేగా మామయ్యగారూ. పొదుపు చేస్తున్నారు."

"పొదుపు కాదమ్మా. నిన్న పొద్దున్న చూసినప్పుడు ఎర్ర గీత ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. రాత్రి ఒక్క బల్బు వెలిగినా గీత కదలాలి. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆవిణ్ణి రెండు రోజులుగా ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. ఇద్దరూ మొదటి అంతస్తుకి పరుగెత్తారు. బెల్లు నొక్కితే మోగలేదు. తలుపు బాదితే పలకలేదు. లోపల గడియ వేసి ఉంది. మామగారు ఆ తలుపుకి నోరానించి "అమ్మా, టైలరమ్మా" అని పిలుస్తూనే ఉన్నారు. మేడంతా దిగొచ్చింది. సెక్రటరీ కూడా వచ్చాడు.

"ఇంత మాత్రానికి తలుపు పగలగొడతామా ఏమిటి? ఎక్కడికైనా వెళ్ళుంటుంది."

"లోపల గడియ వేసుకుని ఎక్కడికెళ్తుంది బాబూ? నీకు దండం పెడతాను, ఓ చెయ్యి వెయ్యి."

ఆయన నిజంగానే రెండు చేతులూ జోడించారు. ఎనిమిది వాటాల మీద పొద్దున్నే అరిచే మనిషి దండం పెట్టేసరికి సెక్రటరీ మారుమాట్లాడకుండా భుజం ఆనించాడు. మామగారూ ఆనించారు. మూడో తోపుకి గడియ ఊడి ఇద్దరూ లోపల పడ్డారు. ముందుగది చీకటిగా ఉంది. మధ్యగది చీకటిగా ఉంది. దాని తలుపు తోస్తే వెనక వరండాలో ఎండ, ఆ ఎండలో టకటకమని మిషను తొక్కుతూ టైలరమ్మ.

గుంపు మొత్తం తన మీదికి వచ్చి పడటం చూసి ఆవిడ కాళ్ళు ఆపింది. నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది.

"ఏమిటిదంతా? ఇవాళ ఇస్తానని ఎవరికీ చెప్పలేదే."

మామగారు ఒగరుస్తూ అడిగారు.

"మీ చక్రం తిరగట్లేదమ్మా."

"ఎలా తిరుగుతుంది బాబూ? సోమవారం రాత్రే మెయిన్ ఆపేశాను. మీ గదికి తాళం వేశారని విని మనసు చివుక్కుమంది. మీరు చూసినా చూడకపోయినా నా చక్రం ఆగే ఉండాలనుకున్నాను."

"బెల్లు కొట్టామే?"

"మెయిన్ ఆపితే బెల్లు ఎక్కడ మోగుతుంది? కరెంటాఫీసులో చేశారు, ఆ మాత్రం తెలీదా?"

"తలుపు అంతలా బాదామే?"

"సందుల్లో గుడ్డలు కూరమన్నది మీరేగా. వేడీ రాదు, మీరు బాదిందీ వినపడదు. మిషను వెలుతురులో పెట్టుకోమన్నదీ మీరే, అందుకే ఇక్కడికి లాగాను."

"మరి రాత్రి దీపం?"

"పొద్దు గూకితే పడుకుంటున్నా. ఇంతకీ నా తలుపేమైంది?"

ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ పగలబడి నవ్వారు. మామగారు మాత్రం నవ్వలేదు. కుట్టాల్సిన బట్టల మూట మీద కూలబడి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో అదేపనిగా తుడిచారు. కోడలు ఓ గ్లాసుతో నీళ్ళిచ్చింది. సెక్రటరీ భుజం రుద్దుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"చక్రం ఆగితే మీరు సంతోషించాలి కదండీ. ఇంత హడావిడి ఎందుకు చేశారు?"

మామగారు నీళ్ళు తాగి, గ్లాసులో మిగిలిన గుక్క పక్కనున్న కుండీలో పోశారు.

"ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఓ వీధి చివర ఇల్లు. ఒక ముసలాయన ఒక్కడే ఉండేవాడు. మీటరు బయట గోడకి ఉండేది. ఓ నెల వెళ్తే చక్రం ఆగి ఉంది. పిలిస్తే పలకలేదు. ఇంట్లో ఎవరూ లేరనుకుని 'తాళం' అని రాసుకుని పక్కింటికెళ్ళిపోయాను. ఆయన లోపల పడిపోయి ఉన్నాడు, లేవలేక. మర్నాడు పాలావిడ చూసి ఆస్పత్రికి చేర్పించింది. బతికాడులెండి, తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. మరుసటి నెల వెళ్తే నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? 'మీరు వచ్చిన చప్పుడు విన్నాను బాబూ, పిలిచే ఓపిక లేకపోయింది' అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది."

ఎవరూ నవ్వడం లేదు.

"అప్పట్నించీ అంకె తర్వాత చూస్తాను. ముందు చక్రం చూస్తాను. మరీ జోరుగా తిరిగితే ఏదో మర్చిపోయినట్టు. రాత్రంతా తిరిగితే ఎవరికో ఒంట్లో బాగోనట్టు. ఉన్నట్టుండి సగానికి పడిపోతే ఇంట్లో సంపాదన ఆగినట్టు."

సెక్రటరీ మొహంలో రంగు మారింది. "అయితే ఆ రోజు మా ఇంటికొచ్చి అడిగింది కరెంటు సంగతి కాదా? మా అమ్మ సంగతా?"

"మరి?"

"అలా అయితే 'మీ అమ్మగారికెలా ఉంది' అని అడగాలి గానీ, 'రాత్రంతా లైటెందుకు వెలిగించారు' అంటారేమిటండీ ఎవరైనా?"

మామగారు తల దించుకున్నారు. "ముప్పై రెండేళ్ళు గుమ్మాల దగ్గర నిలబడి యూనిట్ల గురించే మాట్లాడాను బాబూ. ఇంకోలా అడగటం రాదు."

సెక్రటరీ జేబులోంచి మీటరు గది తాళంచెవి తీసి, ఆయన చేతిలో పెట్టి, ఆ చెయ్యి అలాగే కాసేపు పట్టుకున్నాడు. తలుపు తన ఖర్చుతో బాగుచేయిస్తానని టైలరమ్మకి చెప్పాడు. మరి తన చొక్కాలు ఎప్పుడిస్తావని అడిగాడు. వచ్చే వారమంది ఆవిడ. మూడు నెలలుగా అదే వచ్చే వారం.

అంతా వెళ్ళబోతుంటే మామగారు లేచి టైలరమ్మ ముందు నిలబడ్డారు. ఆ తర్వాత ఆయన అన్న మాటలు ఆ మేడలో చాలాకాలం చెప్పుకున్నారు.

"ఏమమ్మా, ఏమిటిది? పొదుపుకి కూడా ఓ హద్దుండక్కర్లేదా? ఇవాళ్టినుంచి రోజూ సాయంత్రం ఓ బల్బు వెలిగించి తీరాలి."

"దండగ కదా బాబూ?"

"దండగైతే అవనివ్వండి. కనీసం మూడు గంటలు."

"ఒక గంట వెలిగిస్తాను."

"రెండు గంటలకి తక్కువైతే ఒప్పుకోను. ఫ్యాను కూడా అటక మీంచి దింపించండి."

"మీకేమైనా మతి పోయిందా?" అంది టైలరమ్మ. చివరికి గంటన్నర దగ్గర బేరం కుదిరింది.

మధ్యాహ్నం ఇంట్లో కోడలు, మామగారే మిగిలారు. ఆయన కుర్చీలో కూర్చుని తాళంచెవిని వేలికి తగిలించుకుని తిప్పుకుంటున్నారు. ఆమె వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"మామయ్యగారూ, ఆ కాగితం మీద మన వాటా సంతకం నాదే."

"తెలుసమ్మా."

"కాగితం అంటించినప్పుడు చూశారా?"

"అంతకు ముందే అనుమానం వచ్చింది. ఆ వారం మనింటి మీటరు రెండు యూనిట్లు ఎక్కువ తిరిగింది. అబ్బాయి ఊళ్ళో లేడు. నేను ఎనిమిదింటికల్లా ఆర్పేసి పడుకుంటాను. మరి రాత్రిళ్ళు ఎవరికి నిద్ర పట్టట్లేదా అనుకున్నాను. కాగితం చదివాక ఎందుకు పట్టలేదో తెలిసింది."

"మరి నన్నొక్క మాటా అనలేదేం?"

"ఏమంటాను తల్లీ? తప్పు చేసి హాయిగా నిద్రపోతే అనాలి గానీ, ఆరు రాత్రులు మేలుకున్న పిల్లని ఏమంటాను? ఆ హెడ్మిస్ట్రెస్‌గారిని మళ్ళీ పిలు. ఈసారి ఆవిడ వెళ్ళేదాకా స్విచ్చి జోలికి పోను."

"నిజంగా?"

"మనసు కాస్త దిటవు చేసుకోవాలి, అంతే." ఆయన కళ్ళజోడు మీదుగా ఆమెని చూశారు. "ఇంకో సంగతి. ఎప్పుడైనా మళ్ళీ నిద్ర పట్టకపోతే, నీ గదిలో ఆ అరవై క్యాండిల్ బల్బు వేసుకుని ఒక్కదానివీ కూర్చోకు. ముందుగదిలోకొచ్చి నన్ను లేపు. ఇక్కడిది పదిహేను క్యాండిలే. ఇద్దరికీ అదొక్కటి సరిపోతుంది."